తుంటి కీలుకు చీము పడితే పీకేయాల్సిందేనా?

"తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళకు హెచ్చరిక" అంటూ ఒక పొడుగాటి సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: లోపల చీము పడితే ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) తీసేయడం తప్ప దారి లేదు. తీయకుండా "కడుగుతాం" అనే డాక్టరు తన తప్పు కప్పిపుచ్చుకుంటూ రెండో బిల్లు వేస్తున్నాడు. కొత్తలో రసి కారడం మామూలే, రెండు వారాలు యాంటీబయాటిక్ మాత్రలు వాడి చూడాలి. టీబీ మందు రాశారంటే రోగమేంటో వాళ్ళకే తెలియదన్నమాట. మాత్రలతో ఎముక ఇన్ఫెక్షన్ తగ్గదు, నరానికే ఎక్కించాలి. ఏడాది దాటితే ఇక భయం లేదు.

ఇలాంటి కేసుల నమూనాలు చూసే మైక్రోబయాలజీ ల్యాబే నా కొలువు. పై మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని ఉత్త అపోహలు. ఒకటి మాత్రం కాళ్ళ మీదికి తెచ్చేది.

"తీసేయడం తప్ప దారి లేదు"

ముదిరిన ఇన్ఫెక్షన్ విషయంలో ఇది నిజమే. లోహానికీ ప్లాస్టిక్‌కీ రక్తప్రసరణ ఉండదు. బ్యాక్టీరియా వాటి మీద వాలితే జిగట పొర ఒకటి అల్లుకుని దాని అడుగున మందకొడిగా బతుకుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. మామూలుగా చంపే మోతాదుకు వందల రెట్లు మందు పోసినా ఆ పొర కింది క్రిములు చావకపోవచ్చు. బావి మెట్ల మీది నాచు లాంటిదది: లేతగా ఉంటే చీపురు పెట్టి రుద్దినా పోతుంది, ముదిరితే పారతో గీకినా అడుగు మిగులుతుంది.

అందుకే ఇంప్లాంట్ ఉంచాలా తీయాలా అన్నది చాలావరకు ఇన్ఫెక్షన్ వయసు మీద ఆధారపడుతుంది. జిమ్మర్లీ, ట్రాంపుజ్, ఓక్స్‌నర్ అనే ముగ్గురు 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసం ఈ లెక్కకు ఒక రూపం ఇచ్చింది. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2013 మార్గదర్శకాలు కూడా దాదాపు అదే చెబుతాయి. ఇన్ఫెక్షన్ ఆపరేషన్ అయిన నెల లోపు వచ్చి ఉండాలి, లేదా లక్షణాలు మొదలై మూడు వారాలు దాటకూడదు. ఇంప్లాంట్ వదులు కాకూడదు. చర్మం మీదికి చీము దారి తెరుచుకుని ఉండకూడదు. దొరికిన క్రిమి మందుకు లొంగేదై ఉండాలి. ఇవన్నీ కుదిరితే లోపలంతా శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఇంప్లాంట్‌ను ఉంచేయవచ్చు. సర్జన్లు దీన్నే డెయిర్ అంటారు.

ఇది గ్యారంటీ వైద్యం అని నేననను. తుంటి కేసుల మీద వచ్చిన నివేదికలన్నీ కలిపి చూస్తే సుమారు మూడింట రెండొంతుల మందిలో ఫలిస్తోంది, రోగుల ఎంపిక సరిగ్గా ఉన్నచోట ఇంకాస్త మెరుగు. మిగిలినవాళ్ళకు చివరికి తీయక తప్పదు. అయితే తీయడం చిన్న పని కాదు. ఎముకకు గట్టిగా పట్టేసిన స్టెమ్‌ను, అంటే తొడ ఎముకలోకి దించిన ఇంప్లాంట్ కాడను, లాగడానికి ఒక్కోసారి తొడ ఎముకను పొడవునా కోసి తెరవాల్సి వస్తుంది. అరవై డెబ్బై ఏళ్ళ మనిషికి అది తప్పించే అవకాశం ఉంటే ఎందుకు వదులుకోవాలి?

"కడగడం కంటితుడుపు, తప్పు కప్పుకోవడం"

పుండు మీద సెలైన్ పోసి కట్టు కట్టడం అనుకుంటున్నారు కాబోలు. నిజానికి పాత కోత మొత్తం తెరిచి, కీలును జారదీసి, స్టెమ్ మీది బంతినీ, తుంటి గుంటలో బిగించిన కప్పు లోపలి ప్లాస్టిక్ పొరనీ (లైనర్) ఊడదీస్తారు. వాటి వెనక సందుల్లోనే జిగట దాక్కుంటుంది. పాడైన కండను కోసేసి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి, కొత్త బంతి, కొత్త లైనర్ వేస్తారు. ఎముకలో నాటుకున్న స్టెమ్, కప్పు మాత్రం ఉంటాయి. మార్చగలిగిన భాగాలు మార్చినచోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని చాలా నివేదికలు చెబుతున్నాయి. కాబట్టి "బంతి, లైనర్ మారుస్తారా?" అన్నది సర్జన్‌ను అడగదగ్గ ప్రశ్న. సిమెంటుతో అతికించిన ప్లాస్టిక్ కప్పుకు విడి లైనర్ ఉండదు, అది వేరే సంగతి.

తప్పు ఎవరిదన్న మాటకొస్తే, మంచి ఆసుపత్రుల్లో కూడా నూటికి ఒకరికి అటూ ఇటూగా ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. 1960ల్లో ఇంగ్లండ్‌లో తుంటి మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీకే మొదట్లో ఏడెనిమిది శాతం దాకా వచ్చేవి. థియేటర్లో శుద్ధమైన గాలి ఏర్పాటు వగైరాలతో ఆయన దాన్ని ఒక శాతం దరిదాపులకు దించాడు. సున్నా మాత్రం కాలేదు. నిర్లక్ష్యం ఎక్కడా జరగదని కాదు. బిల్లు మీద నిలదీయండి, అది మీ హక్కు. కానీ చికిత్స ఎంపికే దొంగతనానికి రుజువు అనడం అన్యాయం.

"రసి మామూలే, రెండు వారాలు మాత్రలు వాడి చూడండి"

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఇంప్లాంట్ తీసేయాల్సిందేనని భయపెట్టిన సందేశమే, దాన్ని కాపాడుకోగల రోజుల్ని చేతులారా పోగొట్టుకోమంటోంది.

మొదటి రెండు మూడు రోజులు కట్టు కాస్త తడవడం సహజం. ఐదారు రోజులు దాటినా కారుతుంటే, ఆగిపోయింది మళ్ళీ మొదలైతే, నొప్పి తగ్గుతూ వచ్చి తిరగబెడితే, పోవాల్సింది ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ ఆపరేషన్ తర్వాత ఎలాగూ పెరుగుతుంది. రెండు మూడు రోజులకు పైకి ఎక్కి, తర్వాత వారాల మీద దిగుతుంది. దిగినది మళ్ళీ పైకి లేస్తే అనుమానించాలి.

మన ఊళ్ళలో జరిగేది వేరు. ఆర్‌ఎంపీ దగ్గర ఐదు రోజుల ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో ఇంకో కోర్సు. జ్వరం దిగుతుంది, రసి తగ్గుతుంది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఇంప్లాంట్ మీది జిగట మాత్రం ముదురుతూనే ఉంటుంది. నాలుగో వారంలో ఆసుపత్రికి వచ్చేసరికి నమూనా మా బల్ల మీదికి చేరుతుంది. అదీ తరచూ పుండు పైనుంచి దూదిపుల్లతో తీసినది. అందులో మొలిచేది చర్మం మీది క్రిమో, లోపలి క్రిమో చెప్పలేం. కొన్నిసార్లు మందుల దెబ్బకు ఏదీ మొలవదు. "నో గ్రోత్" అన్న రిపోర్టు చూసి కుటుంబం సంతోషిస్తుంది. క్రిములు లేవని కాదు దానర్థం, మాకు చిక్కలేదని. పనికొచ్చేది కీలులోంచి సూదితో తీసిన ద్రవం, ఆపరేషన్ బల్ల మీద వేరువేరు చోట్ల నుంచి తీసిన ఐదారు కండ ముక్కలు. వాటిని రెండు వారాల దాకా కల్చర్‌లో, అంటే క్రిములు మొలిచేలా పోషకాల్లో, ఉంచి చూస్తాం, కొన్ని క్రిములు అంత తాపీగా పెరుగుతాయి.

పరిస్థితి విషమించి రక్తంలోకి పాకితే ఎవరూ కల్చర్ కోసం మందులు ఆపరు. అది తప్ప, నమూనా తీయకముందు యాంటీబయాటిక్ మింగడమంటే పోలీసులు రాకముందే వేలిముద్రలు తుడిచేయడమే.

"టీబీ మందు రాశారంటే..."

రిఫాంపిసిన్ టీబీకి వాడేదే. బయోఫిల్మ్ అడుగున మందకొడిగా ఉన్న స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను కూడా అది చంపగలదు. 1998లో స్విట్జర్లాండ్‌లో జరిగిన పరిశీలన చిన్నదే. శుభ్రం చేసి ఇంప్లాంట్ ఉంచిన రోగుల్లో, కోర్సు పూర్తి చేసినవాళ్ళను చూస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో పాటు రిఫాంపిసిన్ తీసుకున్న 12 మందీ బాగుపడ్డారు. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్కటే తీసుకున్న 12 మందిలో ఏడుగురు. 2020లో నార్వే పరిశీలనలో మాత్రం ఇలాంటి తేడా కనబడలేదు, కాబట్టి వాదన ఇంకా నడుస్తోంది. కానీ రాయడం అజ్ఞానం కాదు.

ఆ సందేశం రాసినాయనకు నిజంగా శ్రద్ధ ఉంటే హెచ్చరించాల్సినవి వేరే ఉన్నాయి. ఈ మందు ఎప్పుడూ ఒంటరిగా వాడకూడదు, క్రిమి రోజుల్లోనే మొండికేస్తుంది. పుండు ఆరాకే మొదలుపెట్టడం మంచిది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్‌ఫరిన్, గర్భనిరోధక మాత్రలు, కొన్ని షుగర్ మాత్రల బలం తగ్గిస్తుంది. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు. అన్నిటికన్నా ముఖ్యం, మన దేశంలో తెలియని టీబీ లోపల ఉందేమో ముందు చూసుకోవాలి. లేకపోతే అరకొర వైద్యంతో టీబీ క్రిమే మొండిదైపోతుంది.

"నరానికే ఎక్కించాలి"

బ్రిటన్‌లో 26 ఆసుపత్రుల్లో 1,054 మంది మీద జరిగిన ఒవీవా పరిశీలన 2019లో వెలువడింది. ఎముక, కీలు ఇన్ఫెక్షన్లలో చికిత్స విఫలమైనది నరం ద్వారా ఇచ్చినవాళ్ళలో 14.6 శాతం, మాత్రలు ఇచ్చినవాళ్ళలో 13.2 శాతం. తేడా లేదు. ఎంతకాలం వాడామన్నది మాత్రం తేడా తెస్తుంది. ఫ్రాన్స్‌లో కృత్రిమ కీళ్ళ ఇన్ఫెక్షన్ మీద జరిగి 2021లో వచ్చిన పరిశీలనలో ఆరు వారాలు వాడినవాళ్ళలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ మిగిలింది, పన్నెండు వారాలు వాడినవాళ్ళలో 9.4 శాతానికి. ఇంప్లాంట్ ఉంచినవాళ్ళలో ఆ ఎడం ఇంకా ఎక్కువ. నొప్పి పోయిందని రెండో నెలలో మాత్రలు మానేసేవాళ్ళు ఈ అంకెలు చూడాలి.

"ఏడాది దాటితే భయం లేదు"

పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు. కాలి పుండు నుంచో, మూత్రంలోని ఇన్ఫెక్షన్ నుంచో, పంటి చీము నుంచో క్రిమి రక్తంలో పడి కీలుకు చేరవచ్చు. నిన్నటిదాకా హాయిగా నడిచిన మనిషికి ఉన్నట్టుండి తుంటి పోటు, చలిజ్వరం. మార్పిడి ఎప్పుడో జరిగిందని దీన్ని పాత ఇన్ఫెక్షన్ కింద జమకట్టకూడదు. లక్షణం మొదలైన రోజు నుంచే మూడు వారాల లెక్క. షుగర్ ఉన్నవాళ్ళు కాలి పుండును, ఆపరేషనై ఎన్నేళ్ళయినా, డాక్టరుకే చూపించుకోవాలి, చూపించేటప్పుడు లోపల ఇంప్లాంట్ ఉందని నోరు తెరిచి చెప్పాలి.