సెకండ్ వయొలిన్ అనే దారుణమైన జబ్బు

సంగీత విద్వాంసుల మీద సినిమా తీయాలంటే ముందు సంగీతాన్ని గది బయట నిలబెట్టి తలుపేయాలి. 2012లో వచ్చిన ‘ఎ లేట్ క్వార్టెట్’ ఈ నియమాన్ని మహా నిష్ఠగా పాటించింది. క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన నలుగురి జట్టు. పాతికేళ్లుగా అలా కలిసి వాయిస్తున్న నలుగురిలో చెల్లో పెద్దాయనకు పార్కిన్సన్స్ జబ్బు అని తేలుతుంది. తన వేళ్లు ఇంకెన్నాళ్లు మాట వింటాయో తెలియని మనిషి కోసం మిగతా ముగ్గురూ కనీసం వారం రోజులైనా బెంగపెట్టుకుంటారనుకుంటాం. అబ్బే! సెకండ్ వయొలిన్ ఆయనకు ఆ క్షణాన గుర్తొచ్చేది తన కుర్చీ. ఇకమీదట ఫస్ట్ వయొలిన్, అంటే ఎక్కువగా ముందుండి పాటను నడిపే కుర్చీ, వంతులేసుకుందాం అంటాడు. వయోలా వాయించే భార్య వత్తాసు పలకదు కాబట్టి వేరే ఆవిడతో ఒక రాత్రి గడిపొస్తాడు. కుర్చీ దొరకని మగాడు ఇంకేం చేస్తాడు మరి! అవతల ఫస్ట్ వయొలిన్ గారేమో వీళ్ల కూతురితో ప్రేమాయణం మొదలుపెడతారు.

ఇక నాకు ప్రాణమైన సీను రిహార్సల్‌లో వస్తుంది. కూతురి సంగతి తెలిసి సెకండాయన ఫస్టాయన్ని ఒక్కటి పీకుతాడు. బాగానే ఉంది గానీ, నిజంగా వయొలిన్ వాయించేవాడైతే ముందు వాయిద్యాన్ని పెట్టెలో పడుకోబెట్టాలి, కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేయాలి, గుడ్డతో రజను, అంటే కమానుకు రాసే గుగ్గిలం పొడి, తుడవాలి, మూత వేసి గడియ పెట్టాలి, ఆ తర్వాత ఏ చేత్తో కొట్టాలా అని ఆలోచించాలి, ఎడమ చేతి వేళ్లు తీగల మీదికి కావాలి, కుడిచెయ్యి కమానుకు కావాలి, కాలితో తందామంటే మధ్యలో నోట్స్ స్టాండు అడ్డం. ఈలోగా కోపం చల్లారి, ‘సరే, నోట్స్‌లో ఆరో బార్ నుంచి’ అంటాడు.

పోనీ ఈ వంతుల గొడవకు లోకంలో పరిష్కారమే లేదా అంటే, 1976లో మొదలైన ఎమర్సన్ క్వార్టెట్‌లో ఇద్దరు వయొలినిస్టులూ ఫస్టూ సెకండూ మార్చుకుంటూనే 2023 దాకా లాక్కొచ్చారు. అలాంటి ఇద్దరి మీద సినిమా తీస్తే ఎవరు చూస్తారు లెండి.

అసలు రెండో కుర్చీ అంటే రెండో ర్యాంకు అని వీళ్లకు ఎవడు చెప్పాడు? ఆ సినిమా భుజాన వేసుకున్న కృతి, బీతోవెన్ క్వార్టెట్ కోసం రాసిన ఓపస్ 131. మొదట ఫస్ట్ వయొలిన్ ఒంటరిగా ఎత్తుకుంటుంది, దానికి జవాబిచ్చే తొలి గొంతు సెకండ్ వయొలినే. ఏడు భాగాలు, సుమారు 40 నిమిషాలు, ఎక్కడా ఆగరు, తీగ జారితే బిగించుకునే సందు కూడా ఉండదు. పక్కవాడు అర వెంట్రుకవాసి అటు జరిగితే సెకండ్ వయొలిన్ తనూ జరిగి, లోపలి నుంచి శ్రుతీ లయా పట్టుకుని మోయాలి. ఇందులో కుళ్లుకోవడానికి టైమెక్కడిది? జీవితమంతా ఇంకొకరి స్వరానికి చెవొగ్గి బతికినవాణ్ణి పట్టుకుని, పాపం ఫస్ట్ కాలేకపోయాడు, అందుకే పెళ్లాన్ని మోసం చేశాడు అని రాయడానికి సిగ్గుండాలి! వినడం చేతకానివాళ్లకే అది ఓటమిలా కనిపిస్తుంది.

తెర మీద నటుడు భుజాలు ఊపుతుంటే మనం విన్న ఆ సెకండ్ వయొలిన్‌ను నిజంగా వాయించింది బ్రెంటానో క్వార్టెట్. నటుడి ఆవేదన అద్భుతం అని మెచ్చుకున్నవాళ్లలో ఆ సంగతి ఎంతమంది కనుక్కున్నారంటారు?