రేంజ్ తగ్గేది ఎక్కడంటే

కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒక్క ఫుల్ ఛార్జింగ్‌తో నడిచే దూరం, రాదు కాబట్టి ఎలక్ట్రిక్ కారు మోసమే అని ఒకరు రాశారు. రాదన్నది నిజమేనండీ, కానీ ఎందుకు రాదో కూడా చెప్పాల్సింది. మన దగ్గర రేంజ్ కొలిచే ల్యాబ్ పరీక్షలో కారు గంటకు 90 కిలోమీటర్లు దాటదు, సగటు వేగం 30 చిల్లరే. మనమేమో విజయవాడ హైవే ఎక్కితే 100కి తగ్గం. 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు పైనే అవుతుంది.

మా కారుది 30 యూనిట్ల బ్యాటరీ. మొన్న మే నెలలో నలుగురం, ఏసీ ఆపకుండా, 100 మీద వెళ్లాం. ఎల్బీనగర్‌లో 100 శాతం ఉన్నది సూర్యాపేటలో 28కి దిగింది. వెనుక సీట్లో అమ్మ ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. తిరుగు ప్రయాణంలో సూర్యాపేటలోనే ఫుల్ చేసుకుని 80 దాటకుండా వచ్చాం. డిక్కీ నిండా నూజివీడు మామిడిపళ్లు ఉన్నా, ఎల్బీనగర్‌లో ఇంకా 44 మిగిలింది. అదే కారు, అదే రోడ్డు, అవే ఎండలు.

ఇంకోటి, ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది. ఇంటి మీటర్లో తిరిగే యూనిట్లు కారు చూపించే లెక్క కంటే ఎక్కువే ఉంటాయి. కొనేవాళ్లు షోరూంలో రేంజ్ అడగడం కాదు, ఆ కారు నడిపేవాళ్లను హైవే మీద 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తాగుతోందో అడగండి.