గంజాయి పూతరేకులు: ఇన్వెస్టర్లకు బహిరంగ విజ్ఞప్తి

అమెరికాలో మన తెలుగువాళ్లం చెయ్యని వ్యాపారం లేదు. బిర్యానీ పాయింట్లు పెట్టాం, కన్సల్టెన్సీలు పెట్టాం, దోసెల పిండి డబ్బాల్లో పోసి అమ్మాం, డాలస్ చుట్టుపక్కల ఎకరాల లెక్కన భూములు కొని వాటికీ వెంచర్లని పేరు పెట్టుకున్నాం. ఒక్క రంగంలో మాత్రం మన జాతి ఘోరంగా వెనకబడిపోయింది. కాలిఫోర్నియా జనం 2016లో ఓట్లేసి మరీ గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు, 2018 జనవరి 1 నుంచి షాపుల్లో దర్జాగా అమ్ముతున్నారు, గమ్మీలు, చాక్లెట్లు, బ్రౌనీలు, సోడాలు, దేన్నీ వదలకుండా అన్నిట్లోనూ కలిపేశారు. మన వంటకం మాత్రం ఒక్కటీ నా కంట పడలేదు. ఇంత చరిత్ర ఉన్న జాతికి ఇది తగునా?

అందుకే నేనూ, మా రూమ్మేటూ కలిసి ఒక కంపెనీ పెట్టదలిచాం. పేరు ఇంకా ఖరారు కాలేదు, న్యూమరాలజీ చూపిస్తున్నాం. పెట్టుబడి పెట్టేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

మొదట ఆవకాయ అనుకున్నాం. ఎవరైనా అదే అనుకుంటారు. కానీ గంజాయిలో మత్తిచ్చే టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, మన కొంప ముంచింది అదే. జాడీలో నాలుగు రోజులు ఊరాక ఏమవుతుందో తెలుసుగా, పిండి అడుక్కి, ముక్కలు మధ్యకి, నూనె పైకి. అంటే సరుకంతా పైనే తేలుతుంది. ఆరోగ్యం పేరు చెప్పి నూనె వంచేసి ముక్క మాత్రం వేసుకునే కోడలికి ఏమీ కాదు. వేడివేడి అన్నంలో పైనుంచి రెండు గరిటెల నూనె ఒంపుకుని, వెల్లుల్లి రెబ్బ నంజుకునే మామగారు మాత్రం రాత్రి తొమ్మిదింటికి పోపుల డబ్బాతో మాట్లాడుతూ దొరుకుతారు. ప్యాకెట్‌లో మందు అంతటా సమంగా కలిసిందో లేదో ల్యాబులో పరీక్ష చేయించాలని రూలు. ఆవకాయ జాడీలో సమానత్వం తేవడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. దాన్ని అక్కడితో వదిలేశాం.

తర్వాత రూల్సు పూర్తిగా చదివాం (ముందే చదివుండాల్సిందని మా రూమ్మేట్ అంటాడు, వాడు టెస్టింగ్ టీమ్). కాలిఫోర్నియాలో గంజాయి కలిపిన పాల పదార్థాలు అమ్మకూడదు, వెన్న ఒక్కదానికే మినహాయింపు. పెరుగన్నం పోయింది. చేపలూ రొయ్యలూ కూడదు. పులుసు పోయింది. ఎండబెట్టిన మాంసం తప్ప మాంసం కూడదు, గోంగూర మటన్ పోయింది. పండు ఆకారంలో గానీ, జంతువు ఆకారంలో గానీ, మనిషి ఆకారంలో గానీ తినుబండారం ఉండకూడదు, పిల్లలు ఆకర్షితులవుతారట. ఇన్ని పోగా మిగిలేది ఏ ఆకారమూ లేని, ఫ్రిజ్‌తో పని లేని, వెన్న కాచిన నెయ్యి రాసిన ఒకే ఒక్క వస్తువు. ఆత్రేయపురం వాళ్లు బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండి పట్టించి రెప్పపాటులో రేకు లాగుతారే, అది ఈ చట్టం కోసమే పుట్టినట్టుంది. దానికి 2023లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెల్లుతుందనే ముద్ర) కూడా వచ్చింది కాబట్టి, కాలిఫోర్నియాలో చేసి ఆ ఊరి పేరు పెడితే ఇంకో కేసు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు ఇబ్బంది డోసు దగ్గర మొదలైంది.

టీహెచ్‌సీ ఒక సర్వింగుకి 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్ మొత్తానికి 100 మించకూడదు. అంటే పది పూతరేకుల డబ్బా కొనుక్కుని, ఒకటి తిని, మూత పెట్టి, మిగతా తొమ్మిదీ అల్మరాలో దాచుకోవాలి. ఈ వాక్యం రాసినవాడెవడో గానీ తెలుగువాడు మాత్రం కాదు. నోట్లో పెట్టగానే కరిగిపోయే పదార్థం ఒకటి తిని ఆగిపోయిన మనిషిని మీ జీవితంలో ఎప్పుడైనా చూశారా? పైగా పొగతాగినట్టు వెంటనే తెలిసేది కాదు ఇది, కడుపులోకి వెళ్లి, లివర్ దాటి, తలకెక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఈ లోపల మనవాడు ఏమంటాడు? "ఏంటండీ, ఏం తేడా తెలియట్లేదు, మోసం, ఇంకోటి ఇటివ్వండి" అంటాడు. 2014లో కొలరాడోలో అమ్మకాలు మొదలైన కొత్తల్లో న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు మౌరీన్ డౌడ్ డెన్వర్ హోటల్ గదిలో ఇలాగే ఒక చాక్లెట్ బార్ కొరికి, ఏమీ కావట్లేదే అనుకుని ఇంకాస్త కొరికి, ఆ రాత్రి తను చచ్చిపోయాననే అనుకుని, ఆ సంగతి తనే కాలమ్‌గా రాసుకున్నారు. కొత్తవాళ్లు ఆ బార్‌ని పదహారు ముక్కలు చేసి ఒక ముక్కే తినాలని ఆమెకు తర్వాతెవరో చెప్పారట. పదహారో వంతు! మనింట్లో ఒక లడ్డూని పదహారు ముక్కలు చేసేది తిరుపతి ప్రసాదం అయితేనే.

అయినా తినేవాడితో కాదండీ గొడవ, వడ్డించేవాళ్లతో. ఇంటికొచ్చిన మనిషి ఒకటి తిని చాలన్నాడనుకోండి, మా అత్తయ్యగారు ఊరుకుంటారా? "అయ్యో, ఒకటేంటి బాబూ, మొహమాటపడకు, పిట్టలా తింటావేంటి, ఇంకొక్కటి, నా మాట మీద" అంటూ చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి జారవిడుస్తారు. ఈ కొసరి వడ్డించే ఆచారానికీ పది మిల్లీగ్రాముల చట్టానికీ పొంతన కుదిర్చే ఫార్ములా కోసం మా ఆర్ అండ్ డీ విభాగం (మా రూమ్మేటే) రాత్రింబవళ్లు కష్టపడుతోంది. ప్యాకెట్ మీద ఎర్ర అక్షరాలతో "అతిథులకు రెండోసారి వడ్డించరాదు" అని వేద్దామనుకున్నాం. చుట్టాలు నొచ్చుకుంటారని విరమించుకున్నాం.

మార్కెటింగ్ సంగతికొస్తే, శాంపిల్ ఇవ్వకూడదు. మిఠాయి కొట్టులో "రుచి చూడండి సార్" అని ఒక ముక్క తుంచి చేతిలో పెట్టకపోతే మనవాడు డబ్బా కొంటాడా? ప్రచారం కోసం షాపువాళ్లు గంజాయి సరుకు ఊరికే ఇవ్వడం అక్కడ నిషేధం. ప్రకటన ఇవ్వాలంటే చూసేవాళ్లలో కనీసం 71.6 శాతం మంది 21 ఏళ్లు దాటినవాళ్లై ఉండాలి. దశాంశంతో సహా రాసుకున్నారు. మనకున్న ఒకే ఒక్క వేదిక తెలుగు సంఘం ఉగాది సంబరాలు, అక్కడేమో స్టేజీ మీద కూచిపూడి వేసేది పిల్లలే, కింద కుర్చీల మధ్య పరిగెత్తేది పిల్లలే, హాల్లో ఉన్న ఇరవయ్యొక్కటి దాటినవాళ్లందరూ వాళ్లని వీడియో తీస్తుంటారు. పైగా షాపు స్కూలుకి 600 అడుగుల దూరంలో ఉండాలి. మనవాళ్లు ఇళ్లు కొనేదే మంచి స్కూళ్ల పక్కన కదా. కస్టమర్ ఎక్కడున్నాడో మనం అక్కడ ఉండకూడదు, అదీ ఈ వ్యాపారం.

పార్సిల్ కూడా కుదరదు. కాలిఫోర్నియాలో చట్టబద్ధం, పక్కనున్న నెవాడాలోనూ చట్టబద్ధమే, కానీ మధ్యలో ఉన్న గీత దాటించారా, ఫెడరల్ నేరం. "ఎవరైనా ఇటు వస్తుంటే వాళ్ల బ్యాగులో వేసి పంపించు నాయనా" అనే మన ప్రాచీన రవాణా వ్యవస్థని చట్టం స్మగ్లింగ్ అంటుంది.

ఇక యాజమాన్యం. ఇది కాస్త సున్నితమైన విషయం, ఇన్వెస్టర్లు టెన్షన్ పడొద్దు. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం 1970 నాటి చట్టం ప్రకారం గంజాయిని హెరాయిన్ ఉన్న జాబితాలోనే పెట్టింది. ఆ జాబితా నుంచి కాస్త కిందికి దించుతామని 2024లో ప్రతిపాదన పెట్టారు, ఫైళ్లు ఎలా కదులుతాయో తెలుగువాళ్లకి నేను చెప్పాలా. ఫెడరల్ చట్టానికి జడిసి చాలా బ్యాంకులు ఈ వ్యాపారుల డబ్బు ముట్టుకోవు, సంచుల్లో నోట్ల కట్టలు మోసుకెళ్లి పన్ను కట్టినవాళ్లున్నారు (ఈ ఒక్క విభాగంలో మాత్రం మనకి ట్రైనింగ్ అక్కర్లేదు). పన్ను చట్టంలో 1982లో తెచ్చిన 280ఈ సెక్షనేమో, అద్దె, జీతాలు, కరెంటు బిల్లు వంటి ఖర్చులు చూపించి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదంటుంది. అన్నిటికీ మించి, పౌరసత్వం లేనివాడు ఈ రంగంలో పనిచేస్తే, రాష్ట్రం లైసెన్సు ఇచ్చినా సరే, రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడు సత్ప్రవర్తన లేదని తోసిపుచ్చవచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు తేల్చి చెప్పారు. నేను హెచ్1బీ. మా రూమ్మేటూ హెచ్1బీ. గ్రీన్‌కార్డు క్యూలో మా వంతు వచ్చేసరికి మాకు పూతరేకులు నమలడానికి కూడా పళ్లుండవు. కాబట్టి కంపెనీ మాదే, కానీ మేము అందులో ఉండకూడదు. బినామీ విద్యలో మన రెండు రాష్ట్రాలకీ ఉన్న అనుభవం ఇన్నాళ్లకి ఒక స్టార్టప్‌కి అక్కరకొచ్చింది.

ఇంత తలనొప్పి దేనికి, ఇండియాలోనే పెట్టొచ్చుగా అని మా అనకాపల్లి బాబాయి అడిగాడు. అడిగిన మనిషి అనకాపల్లి కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది. మన దేశంలో ఈ విషయం మీద చట్టం చాలా స్పష్టంగా అస్పష్టంగా ఉంటుంది. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) లెక్కలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు, కొస లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కాదు. అందుకే కాశీలో, జైసల్మేర్‌లో భంగు సర్కారు అనుమతితోనే అమ్ముతారు. 2021లో ఫుడ్ సేఫ్టీ అథారిటీ ఆ గింజల్ని, గింజల నూనెని, గింజల పిండిని ఆహారంగా ఒప్పుకుంది. ఇప్పుడు ఆ గింజలు సూపర్‌ఫుడ్ అని అమ్ముతున్నారు, మత్తు రాదు, ధర చూస్తే మాత్రం తల తిరుగుతుంది.

కానీ పూతరేకుల్లోకి అసలు సరుకే కావాలంటే మాత్రం కథ వేరు. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన శిక్ష. పైగా మత్తుమందులో వేరే పదార్థం కలిపితే మందు ఒక్కటే కాదు, మొత్తం మిశ్రమం తూకమే లెక్క అని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నా నెయ్యి, నా బెల్లం పొడి, నా జీడిపప్పు పలుకులు కూడా కాటా ఎక్కే ప్రమాదం ఉంది. మిఠాయి తూకంలో మోసం చెయ్యకుండా ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ శిక్ష పడే వ్యాపారం ప్రపంచంలో ఇంకోటి లేదు.

సరుకు దొరకదని కాదు. చింతపల్లి, జీకే వీధి, పెదబయలు కొండల్లో పండిన శీలావతి రకానికి దేశమంతా గిరాకీ ఉందని మన పోలీసులే చెబుతుంటారు. ఆపరేషన్ పరివర్తన పేరుతో 2021 చివర్లో వేల ఎకరాల తోటలు నరికేసి, 2022 ఫిబ్రవరిలో మా బాబాయి వాళ్ల ఊరికి దగ్గర్లో, కోడూరులో, పట్టుబడిన సరుకు 2 లక్షల కిలోలు డీజీపీ సమక్షంలో తగలబెట్టారు. కాలిఫోర్నియా ప్యాకెట్ల లెక్కన దాని విలువ ఎంతుంటుందని మా రూమ్మేట్ ఎక్సెల్ తెరిచాడు. కాసేపటికి మూసేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

ఆ కొండల మీదే కాఫీ పండుతుంది. అరకు కాఫీకి జీఐ ఉంది, పారిస్‌లో షాపుంది, కప్పు మీద గిరిజన రైతు బొమ్మ వేసి కథ చెప్పి అమ్మొచ్చు. ఆ గట్టు ఇవతల చెట్టు పెంచితే రైతు, అవతల మొక్క పెంచితే ముద్దాయి. ఆ మొక్కనే పదమూడు వేల కిలోమీటర్ల అవతల ల్యాబుల్లో, లైట్ల కింద, ఏసీలో పెంచేవాణ్ణి ఫౌండర్ అంటారు, స్టేజీ మీద మైకు తగిలించి విజన్ గురించి మాట్లాడిస్తారు. నేను కూడా ఒక విజన్ రాసుకున్నాను, స్లైడ్ మీద కొండల ఫొటో పెట్టాను, గూగుల్‌లో లంబసింగి అని కొడితే వచ్చింది.

ఆఖరిగా నియామకాలు. ఓక్లాండ్ నగరం 2017లో ఒక మంచి పథకం పెట్టింది. గంజాయి మీద యుద్ధం పేరుతో దశాబ్దాల పాటు పేదల్నీ నల్లవాళ్లనీ జైళ్లలో కుక్కామని ఒప్పుకుని, గంజాయి కేసులో శిక్ష పడిన స్థానిక పేదలకి లైసెన్సుల్లో ప్రాధాన్యం ఇచ్చింది. అక్కడ పాత కేసు ఉంటే అర్హత. ఇది చదివాక మాకు ఊపొచ్చింది, అర్హతలున్న మనవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడమని బాబాయికి ఫోన్ చేశాం. ఆయనకి తెలిసిన ఒక కుర్రాడున్నాడట, జీకే వీధి వైపు. పంట గురించి తెలుసు, కొసలు ఎప్పుడు కోయాలో తెలుసు, ఎండబెట్టడం తెలుసు, రాత్రిపూట కొండ దారిలో కావడి మోసిన అనుభవం ఉంది. వాడు మోసింది ఎవరి సరుకో వాడికి తెలియదు, తెలిసినవాళ్లు పట్టుబడలేదు. మేం ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదనుకున్నాం, హెడ్ ఆఫ్ ఆపరేషన్స్ అని ఆఫర్ లెటర్ టైప్ చేసేశాం.

ఎప్పుడు జాయినవుతాడో కనుక్కోమంటే బాబాయి నవ్వాడు. "కమర్షియల్ క్వాంటిటీరా అబ్బాయ్, బెయిలే రావట్లేదు, మీ వీసా ఎక్కడొస్తుంది" అన్నాడు. దాంతో ఆ పోస్టు ఖాళీగానే ఉంది. ఇన్వెస్టర్లు ఈలోగా చెక్కులు పంపవచ్చు. బ్యాంకు తీసుకోదు కాబట్టి క్యాష్ అయితే మంచిది.