నలుగురికీ ఒకటే లెక్క

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో మిషన్ ఆగదు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. కడపలో మేముండే వీధిలో చర్చికి పోయే ఇళ్లే ఎక్కువ, కాబట్టి ఈ ఒక్క నెలలో వచ్చినంత కుట్టుకూలి ఏడాదిలో ఇంకే నెలలోనూ రాదు. కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లంతా ఈసారి ఒకటే మాట అంటున్నారు. పిల్లలు గిఫ్టు గిఫ్టు అని ప్రాణం తీస్తున్నారు, ఎంతలో కొనాలో తెలియడం లేదు అని. నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది. పోయినేడు నేను చేసిన తప్పు నుంచి వచ్చిన అభిప్రాయం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా ఇంట్లో నలుగురు పిల్లలు. ఇద్దరు నా బిడ్డలు, ఇద్దరు మా అక్క బిడ్డలు. అక్క మూడేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. మా వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రాజంపేట, రాయచోటి, పులివెందుల, ఎటు పోయినా అవ్వల దగ్గర, పిన్నమ్మల దగ్గర పెరిగే బిడ్డలు కనపడతారు. దినారు అంటే మన డబ్బులో 280 పైమాటే అని వింటే బయటివాళ్లకు చాలా అనిపిస్తుంది. ఇంటిపని చేసేవాళ్లకు అక్కడి ప్రభుత్వం 2016లో పెట్టిన కనీస జీతం నెలకు 60 దినార్లే. అక్కకు దానికంటే ఎక్కువే ఇస్తున్నారు. కానీ అందులోనే పోయేటప్పుడు చేసిన అప్పు తీరాలి, ఇద్దరి ఫీజులు కట్టాలి, మా అమ్మ మందులు కొనాలి.

పోయిన క్రిస్మస్‌కి అక్క కార్గోలో ఒక పెద్ద డబ్బా పంపింది. పాలపొడి, చాక్లెట్లు, దుప్పట్లు అందరికీ. వాటి అడుగున కొడుక్కి మోకాలెత్తు రిమోట్ కారు, కూతురికి పాటలు పాడే బొమ్మ. అది చాలదన్నట్టు కొడుక్కి ట్యాబ్ కొనియ్యమని 12,000 వేరేగా పంపింది. నేను నా ఇద్దరికీ తలా 600లో ఏవో తెచ్చి రంగు కాగితం చుట్టి పెట్టాను. పొద్దున ఆరాధన అయిపోయి ఇంటికి రాగానే నలుగురూ ఒకే చాప మీద కూర్చుని విప్పారు.

మా వాడు అప్పటికి ఆరేళ్లవాడు, ఏడ్చాడు. ఏడిస్తే ఎత్తుకుని ఎట్లో సముదాయించుకోవచ్చు. పాప ఏడవలేదు. రాత్రి నా పక్కన పడుకున్నాక, "అమ్మా, నువ్వు కూడా కువైట్‌కి పోతావా?" అని అడిగింది. ఆశపడి అడిగిందో, భయపడి అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి అడిగే ధైర్యం కూడా నాకు రాలేదు.

ఆ మాట విన్నాక నా బుద్ధి నిలకడగా లేదు. మరుసటి రోజే బజారుకి పోయి 4,500 పెట్టి వాడికి బ్యాటరీ కారు, 2,000 పెట్టి పాపకు వాచీ తెచ్చాను. అవి స్కూలు టర్మ్ ఫీజుకని దాచిన డబ్బులు. జనవరిలో ఫీజు కట్టమని మెసేజ్ వస్తే నూటికి మూడు రూపాయల వడ్డీకి 6,000 తీసుకున్నాను. నెలకు 180. ఆరు నెలలకు తీర్చాను, వడ్డీయే 1,080 అయింది. బ్యాటరీ కారు ఉగాదికి ముందే ఆగిపోయింది. దాని మీద ఐఎస్ఐ గుర్తు లేదు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అట, కొనేటప్పుడు తిప్పి చూసుకోవాలని నాకు తెలియదు. మీరన్నా చూసుకోండి. ఎంత డబ్బు పెట్టినా కరెంటు, బ్యాటరీ ఉన్న వస్తువు ఆ గుర్తు లేకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు.

నా కథ విన్న కొందరు పెద్దవాళ్లు, అసలు పిల్లలకు గిఫ్టులు ఎందుకు, ప్రార్థన నేర్పండి చాలు, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా అంటున్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఏడాదంతా నవంబర్ కోసం, డిసెంబర్ కోసం ఎదురుచూసి, చేతులు చలికి కొంకర్లు పోతున్నా డాబా ఎక్కి స్టార్ కట్టిన బిడ్డకు, ఆ పొద్దున తన పేరు రాసిన పొట్లం ఒకటి ఉండాలి. విప్పేటప్పుడు ఆ మొహం చూసినవాళ్లెవరూ అది వద్దనరు. పశువుల పాకలో పుట్టిన బిడ్డ దగ్గరికి కూడా తూర్పు నుంచి వచ్చినవాళ్లు ఊరికే చేతులూపుకుంటూ రాలేదు కదా.

"మా కాలం" కూడా నాకు బాగా గుర్తుంది. మా నాయన యర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి తలా, కనురెప్పలూ తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి ఉండేవి. క్రిస్మస్ ముందు ఒకే తానులో గుడ్డ చింపించి తెచ్చేవాడు. అక్కకూ నాకూ గౌన్లు, తమ్ముడికి చొక్కా. మిగిలిన పీలికతో అమ్మ తలగడ గలీబు కుట్టేది. చర్చిలో ముగ్గురం పక్కపక్కన నిలబడితే ఎవరి పిల్లలమో దూరం నుంచే తెలిసేది. ఎవరి గుడ్డ ఎక్కువ ధర అని మేము ముగ్గురం ఒక్కసారి కూడా కొట్లాడుకోలేదు. కొట్లాడటానికి అందులో ఏమీ లేదు. ఇప్పుడు బట్టలు కుడుతూ కూర్చున్నప్పుడు ఆ గుడ్డే నాకు గుర్తొస్తుంది.

అందుకే ఈ ఏడాది ముందే కూర్చుని లెక్క వేశాం. మా ఆయనకు ఆటో మీద వచ్చేది, నా కుట్టుకూలి ఒక పక్క రాసి, అందులో నుంచి ఇంటి బాడుగ, జనవరి ఫీజు, చర్చి కానుక, కజ్జికాయలకూ నిప్పట్లకూ కావాల్సిన సరుకు తీసేశాం. మనవాళ్లలో క్రిస్మస్‌కి ఒక జత, జనవరి ఒకటో తేదీ ఆరాధనకు ఇంకో జత కొనేది అలవాటు. ఆ రెండో జత మానేశాం. టైలర్ అయ్యుండి ఈ మాట చెబితే నా కూలికే దెబ్బ, అయినా చెబుతున్నాను. ఉతికి ఇస్త్రీ చేసిన క్రిస్మస్ బట్టలు వారానికే పాతబడవు. అన్నీ పోను 4,000 మిగిలింది. నలుగురికి తలా వెయ్యి.

ఇక అక్కతో చెప్పడం మిగిలింది. దీనికే నాకు వారం రోజులు టెన్షన్. అక్కకు పని అయిపోయేసరికి అక్కడ పది, మాకు పన్నెండున్నర. ఇమో యాప్‌లో ఫోన్ చేసింది. నీ పిల్లలకు కూడా వెయ్యే పెడదాం అక్కా, ఎక్కువ పంపొద్దు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏడాదికి ఒక్క రోజన్నా నా పిల్లలు మా అమ్మ పంపింది అని చెప్పుకోవద్దా? నేను ఇక్కడ ఉండేది దేనికి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నా బిడ్డలు రోజూ నా పక్కనే పడుకుంటారు. ఆ సుఖం లెక్కలో వెయ్యకుండా వెయ్యి, వెయ్యి సమానం అని చెప్పడం నాకే తప్పుగా అనిపించింది. అక్క ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత అక్కే మళ్లీ చేసింది. పెద్దోడు సైకిల్ అడుగుతున్నాడు, అది ఎట్లా అంది. సైకిల్ స్కూలుకు పోవడానికి కావాల్సిన వస్తువు, దాన్ని క్రిస్మస్‌లో కలపొద్దు, జూన్‌లో బడి తెరిచేటప్పుడు కొనియ్యి అన్నాను. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, జూన్‌లో కొన్నా మనకు నష్టం లేదని కూడా చెప్పాను. డబ్బా పంపితే అందులో ఏది ఎవరిదని పేర్లు రాయొద్దు, అంతా నలుగురిదీ అనుకున్నాం. పండుగ రోజు తొమ్మిది గంటలకు పిల్లలు పొట్లాలు విప్పుతారు, అక్కకు అప్పుడు ఆరున్నర. ఆ అరగంట వీడియోలో ఉంటానని వాళ్ల మేడమ్‌ను అడిగి ఒప్పించుకుంది.

పిల్లలకు నవంబర్ 30న, ఆదివారం చర్చి నుంచి రాగానే చెప్పేశాం. తలా వెయ్యి, ఏం కావాలో మీరే ఆలోచించుకోండి అని. ఏడుపులు ఉంటాయని ఎదురుచూశాను. మగపిల్లలిద్దరూ పది నిమిషాల్లో, ఇద్దరివీ కలిపితే రెండు వేలు కదా, క్యారమ్ బోర్డు వస్తుందా అని బేరానికి దిగారు. లెక్క ముందే తెలిస్తే పిల్లలు దాని లోపలే కోరుకుంటారు. మనమే దాచిపెట్టి, చివరి రోజు పక్కింటివాళ్లను చూసి పెంచుకుంటూ పోతాం.

బయటివాళ్లు చేసే పనుల మీద నాకు నిజంగా కోపం ఉంది. ఒక స్కూల్లో క్రిస్మస్ రోజు ఎవరి బిడ్డకు వాళ్లే గిఫ్టు కొని ఆఫీసులో ఇవ్వమంటారు. క్రిస్మస్ తాత వేషం వేసినాయన స్టేజీ మీద పేరు పిలిచి ఇస్తాడు. ఒకరికి రెండు చేతులా పట్టనంత డబ్బా, ఇంకొకరికి పెన్నుల ప్యాకెట్. తాత వాళ్లకు అంత పెద్దది ఎందుకు ఇచ్చాడు, నేను మంచిపిల్లను కాదా అని ఆ రెండో బిడ్డ ఇంటికొచ్చి అడిగితే ఆ తల్లి ఏమి చెబుతుంది? అందరి దగ్గరా వంద రూపాయలు తీసుకుని అందరికీ ఒకే వస్తువు కొంటే పోయేదేముంది? సండే స్కూల్ టీచర్లు, బడి పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ ఒక్కటి మార్చండి. బంధువులు కూడా పిల్లల ముందు "మీ అమ్మ ఎంతది కొనిచ్చింది?" అని అడగొద్దు. ధర చీటీ కనపడేటట్టు స్టేటస్ పెట్టొద్దు.

నిన్న రాత్రి అక్క మళ్లీ చేసింది. చిన్నదానికి గాజులంటే ఇష్టం కదా, వెయ్యిలో మంచి సెట్టు వస్తుందా అని అడిగింది. వై.వి. స్ట్రీట్‌లో వస్తుంది, గాజులు పోగా క్లిప్పులకు కూడా మిగులుతుంది అన్నాను. కాసేపు ఆగి, "ఇప్పుడు దాని చెయ్యి ఏ సైజో నాకు తెలియదే" అంది. నిద్రపోతున్న పిల్ల చెయ్యి టేపుతో కొలిచి చెప్పాను.