రెండు యూనిట్లు చదివితే బీ ప్లస్: ఇంటర్నల్ మార్కుల లెక్క ఒకసారి వేసి చూడండి

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ నిబంధనలు ఆర్‌18లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ (కాలేజీ వేసే మార్కులు) 25, ఎక్స్‌టర్నల్ (యూనివర్సిటీ పరీక్ష మార్కులు) 75 ఉండేవి. తర్వాతి నిబంధనలు ఆర్‌22లో అవి 40, 60 అయ్యాయి. ఇంటర్నల్ వాటా పెంచడం నాకు సమ్మతమే, సెమిస్టర్ పొడుగునా చదివించాలంటే అదే దారి. కానీ ఆ 40 ఎలా పడుతున్నాయో ఎవరూ అడగడం లేదు.

సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మిడ్ పరీక్షకు 30: ఆబ్జెక్టివ్ 10, డిస్క్రిప్టివ్ 20. రెండు మిడ్‌ల సగటు తీస్తారు. అసైన్‌మెంట్‌కు 5, వైవా లేదా ప్రెజెంటేషన్‌కు 5. పాస్ కావాలంటే ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, మొత్తం మీద 40 రావాలి.

ఇక ఎక్స్‌టర్నల్ పేపర్. పార్ట్ ఏలో ఒక్కో మార్కు ప్రశ్నలు పది, యూనిట్‌కు రెండు. పార్ట్ బీలో పది మార్కుల ప్రశ్నలు అయిదు, యూనిట్‌కు ఒకటి, అందులోనూ ఇదో అదో రాసుకోవచ్చు. అంటే రెండు యూనిట్లు గట్టిగా చదివితే 20కి 4 కలిపి 24. మిగతా మూడు యూనిట్ల పేజీ తిప్పకపోయినా గండం గట్టెక్కినట్టే. ఇంటర్నల్ 38 వేసే కాలేజీలో ఆ పిల్లవాడికి మొత్తం 62, బీ ప్లస్. నిక్కచ్చిగా దిద్దే కాలేజీలో ఇంటర్నల్ 24 తెచ్చుకుని, ఎక్స్‌టర్నల్‌లో 40 రాసిన అమ్మాయికి 64. ఆమెదీ బీ ప్లస్సే! ఇద్దరికీ 7 గ్రేడ్ పాయింట్లే. సీజీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ పాయింట్ల సగటు)లోంచి 0.5 తీసి పదితో గుణించే లెక్కలో 7 అంటే 65 శాతం, ఉద్యోగాలకు అడిగే 60 శాతం కటాఫ్ దాటినట్టే. ఇది ఆ అమ్మాయికి జరుగుతున్న అన్యాయం.

అసైన్‌మెంట్ల సంగతి చూడండి. ఓవర్‌హ్యాంగింగ్ బీమ్‌కు (సపోర్టు దాటి బయటికి వచ్చిన దూలానికి) బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ (ఎక్కడ ఎంత వంచే ప్రభావం ఉందో చూపే గీత) గీయమంటే, మొదట రాసినవాడు సపోర్టు దగ్గర ప్లస్, మైనస్ తారుమారు చేస్తాడు. గీత ఎక్కడా సున్నాను దాటదు. అయినా కింద కాంట్రాఫ్లెక్చర్ పాయింట్ (ఆ గీత సున్నాను దాటే చోటు) దూరం మాత్రం సరిగ్గా రాసి ఉంటుంది, ఎందుకంటే అది పుస్తకం వెనక జవాబు. అదే తప్పు, అదే జవాబు సెక్షన్ మొత్తం కాగితాల్లో కనిపిస్తుంది. అందరికీ అయిదుకు అయిదు.

లెక్చరర్లను తిట్టి లాభం లేదు. నిజాయితీగా 22 వేస్తే, పక్క కాలేజీలో 38 వేస్తున్నారుగా అని యాజమాన్యం, తల్లిదండ్రులు ఇద్దరూ మీదికొస్తారు. ఒక్క లెక్చరర్ నిలబడితే ఆగే పందెం కాదిది. ప్రతి సబ్జెక్టులో కాలేజీ ఇంటర్నల్ సగటును, ఎక్స్‌టర్నల్ సగటును యూనివర్సిటీయే పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా మరీ ఎక్కువున్న చోట మిడ్ పేపర్లు తెప్పించి మళ్ళీ దిద్దించాలి.

వైవాకు ఉన్న ఆ అయిదు మార్కులు నిజంగా అడిగి వెయ్యండి. పిల్లల అసైన్‌మెంటే ముందు పెట్టి, "ఈ లోడు తీసేస్తే డయాగ్రమ్ ఎలా మారుతుంది?" అంటే చాలు, ఎవరు గీశారో ఎవరు చూసి ఎక్కించారో తేలిపోతుంది. 60 మంది సెక్షన్‌కు మనిషికి 5 నిమిషాల చొప్పున 5 గంటలు. సెమిస్టర్ మొత్తంలో ఒక సబ్జెక్టుకు 5 గంటలు ఇవ్వలేమా?