కూపన్ లొసుగుకు ఎంతవరకు కట్టుబడాలి?

కంపెనీ ఇచ్చిన కూపన్ ఆఫర్‌లో లొసుగు, అంటే రాసిన షరతుల ప్రకారమే అనుకున్నదానికంటే ఎక్కువ రాబట్టుకునే సందు, బయటపడగానే మార్కెటింగ్ వాళ్లు ‘ఇచ్చేద్దాం, పేరొస్తుంది’ అంటారు. ఫైనాన్స్ వాళ్లు ‘ఆర్డర్లన్నీ రద్దు చేద్దాం’ అంటారు. ఇప్పటికే పడిన ఆర్డర్లు తీర్చడానికి నిజంగా చేతి నుంచి పోయేది ఎంతో మాత్రం ఇద్దరూ లెక్క కట్టరు.

1999లో అమెరికాలో హెల్తీ ఛాయిస్ అనే ఆహార బ్రాండ్ తన ప్యాకెట్ల బార్‌కోడ్‌లు పంపితే విమాన మైళ్లు (విమాన టికెట్లకు వాడుకునే పాయింట్లు) ఇస్తామంది. కనీస ధర షరతు పెట్టలేదు. ఒక ఇంజనీరు 25 సెంట్ల పుడ్డింగ్ కప్పులు 12,150 కొని, సుమారు 3,140 డాలర్లతో 12 లక్షలకు పైగా మైళ్లు రాబట్టాడు. కంపెనీ ఇచ్చింది. పాతికేళ్లు దాటినా ఆ ముచ్చట ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ స్థాయిలో లాభపడినవాడు ఒక్కడే కాబట్టి ఆ ప్రచారం చవకగా వచ్చింది.

1992లో బ్రిటన్‌లో వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ హూవర్ సంగతి వేరు. 100 పౌండ్ల సరుకు కొంటే అమెరికాకు రెండు రానుపోను టికెట్లు అంది. జనం టికెట్ల కోసమే వాక్యూమ్ క్లీనర్లు కొన్నారు. ఇవ్వనూ లేక, కాదననూ లేక కంపెనీ చిన్నక్షరాల షరతుల చాటున సాగదీసింది. దాదాపు 5 కోట్ల పౌండ్లు పోయాయి, కోర్టుకూ ఎక్కింది. పరిమితి పెట్టని ఆఫర్‌కు పర్యవసానం ఇదే.

లొసుగు వేరు, ధర తప్పుపడటం వేరు. 2003లో సింగపూర్‌లో 3,854 డాలర్ల ప్రింటర్ వెబ్‌సైట్‌లో 66కే కనిపించింది. అది పొరపాటని తెలిసే కొన్నారంటూ కోర్టు కొనుగోలుదారుల వాదన కొట్టేసింది. కూపన్ లొసుగులో అలా కాదు. కొన్నవాడు మీరు రాసిన షరతునే పాటించాడు. అందుకే నా మొగ్గు కట్టుబడటం వైపే, ఆ షరతు కింద అప్పటికే పడిన ఆర్డర్ల వరకు.

లొసుగులు ఎక్కువగా పుట్టేది లెక్కల వరుసలో. 1000 బిల్లు మీద 40 శాతం కూపన్, 300 తగ్గింపు కూపన్ రెండూ పనిచేశాయనుకోండి. శాతం ముందు లెక్కిస్తే కట్టాల్సింది 300, తర్వాత లెక్కిస్తే 420. రెండో రకం, వాపసుల్లో: కనీస బిల్లు దాటించి తగ్గింపు తీసుకుని, ఖరీదైన వస్తువు తిరిగి పంపేస్తారు. తగ్గింపును వస్తువులవారీగా పంచకపోతే మిగిలిన చిన్న వస్తువుకే మొత్తం తగ్గింపు దక్కుతుంది.

లొసుగు బయటపడితే ముందు కూపన్ కోడ్ ఆపాలి, ఆర్డర్లు కాదు. తర్వాత ఆర్డర్ల జాబితా తీసి చిరునామా, ఫోన్, కార్డు ప్రకారం గుంపులు కట్టాలి. ఒకే చిరునామాకు పదుల ఖాతాలు కనిపిస్తే అవి తిరిగి అమ్ముకునేవాళ్లవి కావచ్చు. మనిషికి ఒక్కటే అని షరతుల్లో ముందే రాసి ఉంటేనే వాటిని ఆపాలి. మిగిలిన ప్రతి ఆర్డర్‌కూ మీకు పడిన అసలు ఖర్చులోంచి కస్టమర్ కట్టింది తీసేయాలి. ఆ మొత్తం ఒక మామూలు ప్రకటన బడ్జెట్‌లో ఇమిడితే అన్నీ పంపేయండి. ఇమడకపోతే కార్డు మీద డబ్బు నిలిపి ఉంచిన దశలోనే, ఇంకా వసూలు చేయకముందే, రద్దు కబురు వెళ్లాలి. వసూలయ్యాక రద్దు చేస్తే వాపసు రావడానికి రోజులు పడుతుంది, ఫిర్యాదులన్నీ ఆ రోజుల్లోనే పుడతాయి.