డిస్కు పాస్, ఫైళ్లు ఫెయిల్

ఇంట్లో నాలుగు డిస్కులు కలిపి లైనక్స్ మీద రైడ్-5 (ఒక డిస్కు పోయినా దానిలోని డేటాను మిగతావాటి నుంచి లెక్కగట్టుకోగల జట్టు) కట్టుకున్నవారు ముందుగా అలవరచుకోవలసింది స్థితప్రజ్ఞత. ఒక డిస్కు పోయినా సర్వర్ నడుస్తుంది. నడుస్తోంది కాబట్టి ఏమీ పోలేదు. చవక డిస్కులను జట్టుకట్టి వాడుకోవచ్చని 1988లో బర్క్‌లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రాన్ని మనం 'చవక' అన్నంతవరకు శ్రద్ధగానే చదివాం. చాలదా?

పైగా మనల్ని కంగారుపెట్టకుండా ఏర్పాట్లు కూడా ఉన్నాయి. డిస్కు పడిపోగానే, ఈ జట్టును చూసుకునే ఎండీఆడ్‌మ్ అనే ప్రోగ్రామ్ రూట్‌కి, అంటే సిస్టమ్ అడ్మిన్ ఖాతాకి, మెయిల్ రాస్తుంది. రూట్ గారు సర్వాధికారి, ఉత్తరాలు చదివే అలవాటు లేదు. జట్టు స్థితి చూపే ఎండీస్టాట్‌లో, పనిచేసే డిస్కుకొకటి చొప్పున ఉండే నాలుగు 'యూ'ల వరుసలో ఒకటి రాలిపోయి, దాని చోట చిన్న గీత మిగులుతుంది. గీతే కదా.

ఎవరైనా మరీ పట్టుబడితే స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చుకునే నివేదిక) తీయించండి. పైన 'పాస్' అని వస్తుంది. చదవడం అక్కడే ఆపెయ్యాలి. కిందకి వెళ్తే 5వ నంబరు దగ్గర చెడిపోయి ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు (డిస్కులో డేటా దాచే చిన్న గళ్లు), 197 దగ్గర చదవనివ్వకుండా మొరాయిస్తున్న పెండింగ్ సెక్టార్లు కనిపించి మనశ్శాంతి పోతుంది. 199 ఇంకా ప్రమాదం. అక్కడ సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన సందర్భాలు) పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, సాటా కేబుల్‌ది. ఇంత పెద్ద సమస్యకు కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించడమేమిటి, మన హోదాకు తగదు. కొత్త డిస్కు కొని, అదే పాత కేబుల్‌కి తగిలించడం మర్యాద.

ఇక డెస్క్‌టాప్ డిస్కుల పట్టుదల గురించి చెప్పుకోవాలి. చెడ్డ సెక్టార్ తగిలితే కొన్ని డిస్కులు పరువు కోసం నిమిషాల తరబడి దాన్నే చదువుతూ కూర్చుంటాయి. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఓపిక 30 సెకన్లు. ఆ తర్వాత డిస్కుతో ఉన్న లింక్‌ను రీసెట్ చేస్తుంది. డిస్కు అప్పటికీ ధ్యానంలోనే ఉంటుంది, పలకదు. రైడ్ దాన్ని వెలివేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం! నాస్ (నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్లు దాచిపెట్టే పెట్టె) కోసం చేసిన డిస్కులకు ఇంత పౌరుషం లేదు. సాధారణంగా 7 సెకన్లలో "నావల్ల కాదు" అని ఒప్పేసుకుంటాయి. అప్పుడు రైడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కను లెక్కగట్టి అక్కడే తిరిగి రాసేస్తుంది, గొడవ సరి. ఎస్‌సీటీ ఈఆర్‌సీ (ఈ పట్టుదలకు గడువు పెట్టే) సౌకర్యమున్న డిస్కుకు స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో 70 అని చెబితే (లెక్క సెకనులో పదో వంతుల్లో) అదీ ఇలాగే దారికొస్తుంది. లేనిదైతే కెర్నల్ టైమౌట్‌నే 180 సెకన్లకి పెంచుకోవచ్చు. కరెంటు పోయి వస్తే ఇవి సాధారణంగా నిలవవు కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో ఒక లైను రాయాలి. ఒక్క లైనుతో తీరిపోతే ఇక రాత్రిళ్లు పడవలసిన టెన్షన్ సంగతేమిటి?

డెబియన్ అనే లైనక్స్‌లో నెల మొదటి ఆదివారం ఎర్రే (డిస్కుల జట్టు) మొత్తాన్ని చదివి చూసే ఏర్పాటు ఉంది. వీడియో ఆగి ఆగి వస్తోందని దాన్ని ఆపేసిన ఇళ్లకు, అదెందుకు ఉందో రీబిల్డ్ రోజున, అంటే పోయిన డిస్కు చోట కొత్తది పెట్టి డేటా నింపే రోజున, తెలుస్తుంది. మిగిలిన మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఏళ్లుగా ఎవరూ తాకని మూలలో రెండో డిస్కు తన చెడ్డ సెక్టార్‌ను భద్రంగా దాచి ఉంచుతుంది.

రెండు డిస్కులూ పడిపోయాక పిరికివాళ్లు డిస్కుల మీద ఏమీ రాయకుండా, ఏ డిస్కు ఎంత వెనకబడిందో చెప్పే ఈవెంట్ కౌంట్లు పోల్చి, చెడ్డదాన్ని డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో కాపీ తీసి, తర్వాతే పాత ఎర్రేను బలవంతంగా నిలబెట్టే అసెంబుల్ ఫోర్స్ ప్రయత్నిస్తారు. వీరులు నేరుగా ఎర్రేను కొత్తగా కట్టే క్రియేట్ కొడతారు. ఈ డిస్కులు ఇప్పటికే ఏదో ఎర్రేలో ఉన్నట్టున్నాయి, కొనసాగించనా అని ఎండీఆడ్‌మ్ పాపం అడుగుతుంది కూడా. డిస్కుల వరుస అదేనా, చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద వరుసగా రాసే ముక్క పరిమాణం) పాతదేనా అని ఆలోచిస్తూ కూర్చుంటే వీరత్వం ఏముంది? 'వై' నొక్కడమే.

ఇంతలో ఇంట్లోవాళ్లు బ్యాకప్ ఉందా అని అడుగుతారు. ఎందుకు లేదు? అదే ఎర్రేలో, 'బ్యాకప్' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో ఉంది.